ఒకే సబ్జెక్టులో బైబిలూ, ఖురానూ, పోలీసూ: నైజీరియా సిలబస్ చరిత్ర

2014 సెప్టెంబరులో నైజీరియా బడుల్లోకి ఒక కొత్త సబ్జెక్టు వచ్చింది. దాని పేరు ‘మతం, జాతీయ విలువలు’. క్రైస్తవ మత పాఠాలు, ఇస్లాం పాఠాలు, సాంఘిక శాస్త్రం, పౌర విద్య, భద్రతా విద్య - ఈ ఐదింటినీ ఒక గొడుగు కిందికి తెచ్చి ఆ పేరు పెట్టారు. అక్కడ తొమ్మిదేళ్ల ప్రాథమిక విద్యకి సిలబస్ రాసేది నైజీరియా విద్యా పరిశోధన, అభివృద్ధి మండలి. ఆ మండలి 2012లో చేసిన సవరణ ఇది. ఇరవై దాకా ఉన్న సబ్జెక్టులను పదికి కుదించాం, పిల్లల వీపు మీది బరువు దించాం అని చెప్పుకున్నారు. మూడేళ్లు నిండకుండానే గొడుగు చిరిగింది. 2017లో చర్చీలు అభ్యంతరం చెప్పాయి, పార్లమెంటు దిగువ సభలో మాటలు నడిచాయి, చివరికి మతాలను మళ్లీ విడదీసి ఎవరి సబ్జెక్టు వాళ్లకిచ్చారు.

ఎక్కడో ఆఫ్రికాలో జరిగిన గొడవ, మనకెందుకు అనిపించొచ్చు. మేం దీన్ని పట్టించుకోవడానికి వేరే కారణం ఉంది. సిలబస్ మీద తగాదా అంటే మన దగ్గర ఎప్పుడూ రెండే పక్షాలు కనబడతాయి. చరిత్ర పుస్తకానికి కాషాయం పులుముతున్నారని ఒకరు, ఇన్నాళ్లూ ఎర్రరంగు పులిమింది మీరు కాదా అని ఇంకొకరు. ఆ ఇద్దరి ఇళ్లలోనూ తాతల కాలం నుంచే చదువుంది. తాత బడి గడప తొక్కని ఇంటి తరపున మాట్లాడేవాళ్లు ఆ గదిలో అరుదు. నైజీరియాలో ఇదే సంగతి ఇంకా విడమరిచినట్టు కనిపిస్తుంది. అక్కడ నూరేళ్లకు పైగా బడి టైంటేబుల్‌ని రెండు పెద్దిళ్లు పంచుకుంటూ వచ్చాయి. ఒకటి చర్చి, రెండోది ఎమిర్ల కోట. ఆ రెండిళ్లకీ చెందని పిల్లవాడు పాఠం చదువుకునేవాడుగా రాలేదు. పాఠంలో ఒక ‘సమస్య’గా వచ్చాడు. ఎట్లా వచ్చాడన్నదే మా ప్రశ్న. మేం అక్కడికి పోయి చూసొచ్చినవాళ్లం కాదు. అచ్చయిన చరిత్రలు చదివి రాస్తున్నాం.

ఉత్తర నైజీరియాలో బడి అనేది తెల్లవాళ్లు తెచ్చింది కాదు. హౌసా జనం ఉండే ఊళ్లలో ఖురాన్ బడులు వాళ్లకంటే శతాబ్దాల ముందునుంచీ ఉన్నాయి. 1804లో ఉస్మాన్ దన్ ఫోడియో మొదలుపెట్టిన జిహాద్ తర్వాత సొకోటో రాజ్యం ఏర్పడ్డాక అవి ఇంకా పెరిగాయి. ఆయన కూతురు నానా అస్మావు (1793-1864) గురించి మన ఆడవాళ్ల చరిత్రల్లో ఎవరూ ఎందుకు రాయలేదో గానీ, రాయదగ్గ మనిషి. అరబిక్, ఫుల్ఫుల్దే, హౌసా భాషల్లో పద్యాలు రాసి, వాటినే పాఠాలుగా చేసి, పల్లెల ఆడవాళ్లకి చదువు చెప్పే పంతులమ్మల వ్యవస్థ ఒకటి నడిపింది. పద్యం కంఠతా పట్టిన ఒక పెద్దామె పల్లెకి పోయి, అక్కడి ఆడవాళ్లను కూర్చోబెట్టి చెప్పేది. పుస్తకం కొనాల్సిన పని లేదు, రాయడం రావాల్సిన పని లేదు. పల్లెకి తగిన సిలబస్ అంటే ఏమిటని ఇప్పుడు సెమినార్లు పెట్టుకుంటున్నవాళ్లు ఆమె దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. అయితే ఒక మాట దాచకూడదు. ఆ సొకోటో రాజ్యం 19వ శతాబ్దంలో లోకంలోని పెద్ద బానిస సమాజాల్లో ఒకటి. చదువు పద్యంలో ఉంది, పొలంలో బానిస ఉన్నాడు. రెండూ ఒకే ఊళ్లో.

ఈ ఖురాన్ బడుల్లోంచి వచ్చినవాడే అల్మాజిరి. వలసపోయినవాడు అనే అర్థమున్న అరబిక్ మాట హౌసా నోట్లో అట్లా మారింది. పిల్లవాణ్ణి ఇల్లు విడిపించి దూరపు ఊళ్లో ఉండే మల్లం - అంటే గురువు - దగ్గర వదిలేస్తారు. చెక్కపలక మీద మసి సిరాతో వచనం రాసుకుని, నోటికొచ్చాక పలక కడిగేసి, మళ్లీ రాసుకుంటాడు. మల్లంకి జీతం లేదు. పిల్లవాడికి తిండి పెట్టేవాళ్లూ లేరు. గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకుంటాడు. వ్యవసాయం పనులు అయిపోయిన ఎండాకాలంలో మల్లంలు శిష్యుల్ని వెంటబెట్టుకుని పట్టణాలకు పోవడం పాత అలవాటు.

మన పాఠకులకి ఇది కొత్తగా ఏమీ అనిపించదు. మన దగ్గర బ్రాహ్మణ పిల్లలు వారాలు చేసుకుని చదువుకున్నారు. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో. ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చుకుంటే మధూకరం అని దానికో తియ్యని పేరు. ‘నేను వారాలు చేసుకుని చదువుకున్నాను’ అని పెద్దవాళ్లయ్యాక ఆత్మకథల్లో గర్వంగా రాసుకున్నారు. అదే గిన్నె మాల మాదిగ పిల్లవాడి చేతిలో ఉంటే మధూకరం కాదు, ముష్టి. ఇప్పుడు అల్మాజిరి చేతిలోని గిన్నె లోకానికి ఎట్లా కనబడుతున్నదో కొంచెంసేపట్లో చూద్దాం. మధూకరం పవిత్రంగానూ, అల్మాజిరి గిన్నె ప్రమాదంగానూ కనిపించడానికి గిన్నెలో తేడా ఏమీ లేదు.

దక్షిణాది కథ వేరు. 1840ల్లో బడాగ్రి అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో మెథడిస్టు మిషనరీలు మొదటి బడి పెట్టారు. చదవడం, రాయడం, లెక్కలు, బైబిలు - సిలబస్ అంతే. ఈ బడుల్ని నడిపించింది తెల్లదొరలే అనుకోవడం పొరపాటు. శామ్యూల్ అజాయి క్రౌథర్ యోరుబా పిల్లవాడు. 1821లో బానిసల వేటగాళ్లకి చిక్కాడు. ఆయన్ని ఎక్కించిన ఓడను బ్రిటిష్ నౌకాదళం పట్టుకుని సియెర్రా లియోన్‌లో దింపింది. అక్కడ చదువుకుని, యోరుబా మాటలను పోగేసి నిఘంటువు వేసి, బైబిలును యోరుబాలోకి తెచ్చి, 1864లో బిషప్ అయ్యాడు. 1857లో ఒనిచ్చలో ఇగ్బో జనం మధ్య మిషన్ మొదలుపెట్టింది ఆయన బృందంలోని జాన్ క్రిస్టఫర్ టేలర్. ఇగ్బో బానిసల కొడుకు. ఒక పెద్ద జాతికి అక్షరం నేర్పే మొదటి పుస్తకాలు అమ్ముడుపోయిన మనుషుల చేతుల్లోంచి వచ్చాయన్నది ఇక్కడ గమనించాలి. ఇంకొకటి కూడా గమనించాలి. ముసలితనంలో క్రౌథర్ పని మీద కుర్ర తెల్ల మిషనరీలు విచారణ కూర్చుని ఆయన అధికారాలు కోసేశారు. 1890లో ఆయన ఆ కమిటీలోంచి లేచి వచ్చేశాడు, మరుసటేడు చనిపోయాడు. తర్వాత ఆ కుర్చీలో తెల్ల బిషప్‌ని కూర్చోబెట్టారు. అక్షరం రాయొచ్చు గానీ కుర్చీ వీళ్లది కాదన్నమాట.

ఆ బడుల్లోకి ముందు ఎవరు వచ్చారు? ఇగ్బోల్లో ఒసు అని ఒక జనం ఉన్నారు. పూర్వం దేవతకి అర్పణ చేయబడినవాళ్లూ, వాళ్ల సంతానమూ. పుట్టుకతో వచ్చి చావుతోనూ పోని ముద్ర అది. వేరే ఉండాలి, స్వేచ్ఛగా పుట్టినవాళ్లతో పెళ్లి కుదరదు. చినువా అచేబె 1958లో వేసిన తొలి నవలలో ఈ ఒసులు కొత్త చర్చిలోకి వచ్చి కూర్చుంటే, అప్పటికే మతం మారినవాళ్లు కూడా లేచిపోబోతారు. ఒసు జుట్టు కత్తిరించుకోకూడదన్నది ఆచారం. ఆ జుట్టు గొరిగించుకోమంటాడు అక్కడి ఉపదేశి. ఇది చదివిన ఏ తెలుగు దళితుడికైనా ఒంగోలు గుర్తొస్తుంది. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరు తోసేసినవాళ్లకి బడి తలుపు తెరిచినచోట వాళ్లే ముందు అడుగుపెట్టారు. రెండు ఖండాల్లోనూ ఇదే జరిగింది. మిషన్‌కి సొంత లెక్కలున్నాయి, కాదనం. కానీ ఆ లెక్కల్ని తిట్టేవాళ్లు, అప్పుడు ఇంకెవరైనా తలుపు తీశారా అన్నదానికి జవాబు చెప్పాలి.

మిషన్ బడి ఇచ్చిన చదువుకి ఒక వెల కూడా ఉంది. లాగోస్‌లో ముస్లిం తల్లిదండ్రులు పిల్లల్ని బడికి పంపడానికి వెనుకాడారు, ఎందుకంటే పేరు మారేది, ప్రార్థన మారేది. ఈ చిక్కుని ముందుగా పట్టుకున్నది ఎడ్వర్డ్ విల్మట్ బ్లైడెన్. కరీబియన్ దీవుల్లో పుట్టి లైబీరియాలో స్థిరపడిన నల్లజాతి పండితుడు, తాను క్రైస్తవుడే. ఆయన పోరు పెట్టగా 1896లో లాగోస్‌లో ప్రభుత్వ ముస్లిం బడి తెరిచారు. ఇంగ్లీషు, లెక్కలతో పాటు అరబిక్, ఇస్లాం పాఠాలు ఒకే కప్పు కింద చెప్పారు. ఇస్లామిక్ పాఠాలను ఆధునిక సిలబస్‌లో ఎట్లా ఇమడ్చాలన్న ప్రశ్న 2012లో మండలి కనిపెట్టింది కాదు. అప్పటికే 116 ఏళ్ల పాతది. 1923లో లాగోస్ ముస్లింలే అన్సార్-ఉద్-దీన్ సంఘం పెట్టుకుని సొంత బడులు కట్టుకున్నారు. మతం పోగొట్టుకోకుండా చదువుకోవాలన్నదే వాళ్ల కోరిక. దీన్నెవరూ ఛాందసం అనలేరు.

ఉత్తరాదికి మళ్లీ వద్దాం. 1903లో బ్రిటిష్ సైన్యం కనో, సొకోటోలను గెలిచింది. లుగార్డ్ అక్కడి పెద్దలకి మీ మతం జోలికి రామని మాటిచ్చాడు. ఎమిర్లను కూలదొయ్యకుండా వాళ్ల చేతనే పాలించడం ఆయన పద్ధతి. ఆ మాట వల్ల ముస్లిం ఎమిరేట్లలో మిషనరీల రాకకి అడ్డు పడింది. అంటే మిషన్ బడి కూడా రాలేదు. దానికి బదులుగా 1909లో హాన్స్ విషర్ అనే అధికారి కనోలో ప్రభుత్వ బడి పెట్టాడు. పాలకుల కొడుకులకి, గుమస్తాలకి, చేతిపనులకి వేరువేరుగా తరగతులు. 1922లో కట్సినా కాలేజీ వచ్చింది. ముస్లిం ఉపాధ్యాయుల్ని తయారుచేసే పేరుతో మొదలై ఉత్తరాది నాయకుల్ని తయారుచేసింది. సొకోటో రాజవంశం బిడ్డ అహ్మదు బెల్లో అక్కడే చదివాడు. అబూబకర్ తఫావా బలేవా కూడా అక్కడే చదివాడు. బలేవా రాజవంశీకుడు కాదు, బౌచి ఎమిరేట్‌లో ఒక పెద్ద అధికారి ఇంట కొలువు చేసినవాడి కొడుకు. తర్వాత దేశానికి మొదటి ప్రధాని అయ్యాడు. దొరల బడికి సొంత కొడుకుల్ని పంపడం ఇష్టంలేని పెద్దలు నౌకర్ల పిల్లల్ని పంపేవాళ్లని అక్కడ చెప్పుకుంటారు. చెరువులో దిగమని ముందు పనివాణ్ణి తోసి లోతు చూసినట్టు. ఆ నౌకరు పిల్లలు ఈదేశారు.

1934లో కనోలో ఖాదీల్ని తయారుచేయడానికి న్యాయ పాఠశాల పెట్టారు. సూడాన్ నుంచి ఉపాధ్యాయులు వచ్చారు. 1947లో అది అరబిక్ అధ్యయనాల బడిగా మారింది. ఉత్తరాదిలో అరబిక్, ఇస్లాం పాఠాలు చెప్పే ఉపాధ్యాయుల మొదటి తరం అక్కణ్ణించే వచ్చింది. మల్లం పలక దగ్గర చదువుకున్నవాడికీ ఈ బడి సర్టిఫికెట్ ఉన్నవాడికీ తేడా అప్పుడు మొదలైంది. ఇస్లాం ఒకటే, కానీ ప్రభుత్వం జీతమిచ్చే ఇస్లాం పంతులు వేరు, గిన్నె మీద బతికే మల్లం వేరు. ఈ చీలిక మా దృష్టిలో క్రైస్తవ-ముస్లిం చీలికకంటే లోతైనది. నైజీరియా విద్యాచరిత్రలు దీని మీద ఖర్చుపెట్టిన పేజీలు తక్కువ.

ఇక్కడే ఇంకొకటి చెప్పుకోవాలి. 1920ల్లో ఫెల్ప్స్-స్టోక్స్ కమిషన్ ఆఫ్రికా అంతా తిరిగి, ఆఫ్రికా పిల్లలకి వాళ్ల పల్లె బతుక్కి తగ్గ చదువు చాలునని, వ్యవసాయమూ చేతిపనీ ఆరోగ్యమూ నేర్పమని సలహా ఇచ్చింది. వినడానికి ఎంత బాగుంది! లాగోస్‌లో చదువుకున్న నల్లవాళ్లు మాత్రం దీన్ని అనుమానంగా చూశారు. లాటిన్, చట్టం, వైద్యం మీ పిల్లలకి, పార పలుగు మా పిల్లలకా అన్నారు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ సగంపూట బడి, సగంపూట ఇంట్లో కులవృత్తి అన్నప్పుడు మనవాళ్లు అన్నదీ ఇదే. ఆ పథకాన్ని 1954లో ఎత్తేశారు. ‘స్థానిక అవసరాలకి తగిన సిలబస్’ అనే మాట ఎక్కడ వినబడినా మేం ముందు, ఆ స్థానికుడు ఎవరు, ఆ అవసరం ఎవరు తేల్చారు అని అడుగుతాం. నానా అస్మావు పల్లెకి తగిన పాఠం చేసింది. కమిషన్ కూడా పల్లెకి తగిన పాఠమే అంది. మాట ఒకటే, చెప్పేవాళ్ల చేతిలో ఉన్నది వేరు.

1960లో స్వాతంత్ర్యం వచ్చింది. అప్పటికే పశ్చిమ ప్రాంతం 1955లో, తూర్పు ప్రాంతం 1957లో ఉచిత ప్రాథమిక విద్య మొదలుపెట్టాయి. ఉత్తరాది వెనకబడింది. 1967-70 బయాఫ్రా యుద్ధం ముగిసిన వెంటనే తూర్పు మధ్య రాష్ట్ర ప్రభుత్వం మిషన్ బడుల్ని స్వాధీనం చేసుకుంది. 1969లో లాగోస్‌లో జాతీయ సిలబస్ సమావేశం, 1977లో జాతీయ విద్యా విధానం, 1976లో దేశమంతటా ఉచిత ప్రాథమిక విద్య, 1988లో పాత సంస్థల్ని కలిపి ఇప్పటి మండలి, 1999లో మళ్లీ సార్వత్రిక విద్య ప్రకటన, 2004లో దానికి చట్టం. ఈ వరసంతా ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది కాబట్టి ఆగం. రాజ్యాంగంలో ఒక వాక్యం మాత్రం ముఖ్యం. 1999 రాజ్యాంగం 38వ సెక్షన్ ప్రకారం ఏ పిల్లవాడికీ తనది కాని మతాన్ని బడిలో బలవంతంగా బోధించకూడదు. మన రాజ్యాంగం 28వ అధికరణం లాంటిదే. తేడా ఎక్కడంటే, మన దగ్గర పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధే ఉండకూడదు. అక్కడ ఉండొచ్చు, ఎవరిది వాళ్లకి.

ఎవరిది వాళ్లకి అన్నప్పుడు టైంటేబుల్‌లో ఎన్ని గళ్లు ఉన్నాయి? రెండు. క్రైస్తవం, ఇస్లాం. యోరుబాల ఇఫా ఉంది, ఇగ్బోల దేవతలున్నారు, మధ్య మండలంలోని చిన్నజాతులకి ఎవరి పూజలు వాళ్లకున్నాయి. వాటికి ప్రాథమిక బడిలో సొంత గడి లేదు. ఇఫా విద్యను యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది గానీ ఊళ్లోని బడి గుర్తించలేదు. మన పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మల మాదిరే. వాళ్లని జానపదం పాఠంలో పెడతారు, మతం పాఠంలో పెట్టరు. ఉత్తరాదిలో క్రైస్తవ పాఠం చెప్పే పంతుళ్లు లేరని క్రైస్తవులు, దక్షిణాదిలో ఇస్లాం పాఠం చెప్పే పంతుళ్లు లేరని ముస్లింలు ఏళ్లతరబడి ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. రెండూ నిజమైన ఫిర్యాదులే. మూడో ఫిర్యాదుకి మాత్రం పంపే చిరునామా లేదు.

ఈ నేపథ్యంలో 2012 సవరణ వచ్చింది. అది ఏ కాలమో గుర్తుంచుకోవాలి. 2009 జులైలో మైదుగురిలో బోకో హరాం తిరుగుబాటు. దాని నాయకుడు మొహమ్మద్ యూసుఫ్ పోలీసుల చేతుల్లో ఉండగానే చచ్చాడు. ‘బోకో’ అంటే హౌసాలో పాశ్చాత్య చదువు. చదువు పేరే నిషేధంగా పెట్టుకున్న గుంపు దేశాన్ని వణికిస్తున్నప్పుడు రాజ్యం బడి వైపు తిరిగి, భద్రత గురించి పిల్లలకి నేర్పాలనుకుంది. భద్రతా విద్య అట్లా సిలబస్‌లోకి వచ్చింది. భద్రత అంటే ఏమిటి, నేరాలు ఏవి, వాటికి శిక్షలేమిటి, నేరం జరక్కుండా ఎట్లా చూసుకోవాలి, భద్రతా సంస్థలు ఏమేం చేస్తాయి - ఈ తీరులో పాఠాలు. ఇది మతం పాఠాల పక్కనే, ఒకే సబ్జెక్టులో.

ఆ కొత్త సిలబస్ బడుల్లోకి రావడానికి అయిదు నెలల ముందు, 2014 ఏప్రిల్ 14 రాత్రి, చిబోక్‌లో పరీక్షలకొచ్చిన 276 మంది ఆడపిల్లల్ని బోకో హరాం ఎత్తుకుపోయింది. ఇంత జరిగాక భద్రతా విద్య వద్దని ఎవరంటారు? మేమూ అనం. పిల్లకి ప్రమాదం గురించి చెప్పాలి. కానీ ఒక పాఠాన్ని తూచేటప్పుడు అందులో ఉన్నదాంతో పాటు, దాని పక్కన ఏది లేదో కూడా చూడాలి. 2000ల చివర్లో నైజీరియా ప్రాథమిక సిలబస్‌లోంచి చరిత్ర ప్రత్యేక సబ్జెక్టుగా వెళ్లిపోయింది. 2018లోగానీ తిరిగి పెట్టమని ఆదేశం రాలేదు. అంటే ఆ మధ్యకాలంలో పిల్లవాడు నేరాల జాబితా నేర్చుకున్నాడు, బయాఫ్రా యుద్ధం ఎందుకొచ్చిందో నేర్చుకోలేదు. భద్రతా సంస్థల పని నేర్చుకున్నాడు, కస్టడీలో మనిషి ఎట్లా చచ్చాడని అడగడం నేర్చుకోలేదు. 2020 అక్టోబరులో సార్స్ అనే పోలీసు దళం అఘాయిత్యాల మీద లక్షలాది యువకులు రోడ్డెక్కారు. ఆ దళాన్ని రద్దు చేయించారు, కాల్పులూ తిన్నారు. పోలీసు అంటే ఏమిటన్న పాఠం వాళ్లు రోడ్డు మీద చదువుకున్నారు.

2017 తగాదా ఈ ప్రశ్నల మీద రానే లేదు. నైజీరియా క్రైస్తవ సంఘం, మా మతాన్ని ఒక సబ్జెక్టులో భాగంగా కరిగించేశారు, ఇస్లాం మాత్రం అరబిక్ పక్కన వేరుగా నిలబడింది అని ఆరోపించింది. మండలి కాదంది, ఎవరి మతం వాళ్లే చదువుతారు, ఎవరినీ ఇస్లాం చదవమని బలవంతపెట్టడం లేదంది. ముస్లిం సంఘాలూ తమ వాదన వినిపించాయి. తాత్కాలిక అధ్యక్షుడి దాకా పంచాయితీ పోయింది. అప్పుడక్కడ మాట్లాడుకున్నది ఏ మతానికి సొంత సబ్జెక్టు ఉంది, దేనికి లేదు అని. పెద్దమనుషులు పొలం గట్టు తగాదా పరిష్కరించుకున్నట్టే ఉంది. విడదీయడం తప్పని మేం అనడం లేదు. ఒక పంతులు రెండు మతాలనూ, పౌరశాస్త్రాన్నీ, పోలీసు పాఠాన్నీ ఒక్కడే చెప్పడం అయ్యేపని కాదు. కలిపినప్పుడే ఆ సంగతి తరగతిలో నిలబడే మనిషిని అడిగి ఉంటే తెలిసేది. ఐదింటికి ఐదుగురు లేని బడిలో ఐదింటిని ఒకటి చేస్తే, పంతులికి తెలిసిన ఒక్కటే నడుస్తుంది, మిగతా నాలుగూ నోట్స్ రాయించి వదిలేస్తారు. బరువు దించామన్నారు గదా, అట్లా దిగింది.

ఈ సందడిలో అల్మాజిరి ఎక్కడున్నాడు? తరగతి బయట ఉన్నాడు. యునిసెఫ్ గతంలో చెప్పిన ఒక లెక్క ప్రకారం నైజీరియాలో 5 నుంచి 14 ఏళ్ల లోపు బడికి పోని పిల్లలు కోటీ 5 లక్షలు. అందులో అల్మాజిరిలు పెద్ద భాగం. 2012 ఏప్రిల్‌లో అధ్యక్షుడు గుడ్‌లక్ జొనాథన్ సొకోటో దగ్గర గాగిలో మొదటి అల్మాజిరి ఆదర్శ బడి తెరిచాడు. ఖురాన్‌తో పాటు ఇంగ్లీషు, లెక్కలు, చేతిపని ఒక్కచోటే. ఆలోచన మంచిదే. 1896 లాగోస్ బడి ఆలోచనే ఇది. వందకు పైగా భవనాలు లేచాయి. కానీ ఎవరైనా మల్లంని కూర్చోబెట్టి, నీ శిష్యుడికి ఏం నేర్పాలి, నీకు జీతం ఎంతివ్వాలి అని నిలకడగా మాట్లాడారా? కొన్నిచోట్ల మాట్లాడారు, ఎక్కువచోట్ల లేదు. 2015లో ప్రభుత్వం మారాక ఆ భవనాలు చాలాచోట్ల పాడుబడ్డాయి, కొన్నిటిని రాష్ట్రాలు వేరే బడులకి వాడుకున్నాయి.

2012 సిలబస్, 2012 అల్మాజిరి బడి, రెండూ ఒకే ఏడాదివి. ఒకదాంట్లో పిల్లవాడు భద్రత నేర్చుకోవాలి. రెండోదాంట్లో పిల్లవాడే భద్రతకి సమస్య. బోకో హరాం ఈ పిల్లల్లోంచే మనుషుల్ని ఏరుకుంటుందన్న మాట పత్రికల్లో, ఉపన్యాసాల్లో అరిగిపోయింది. కొందరు పోయి ఉండొచ్చు. కాలేజీ చదువు మధ్యలో వదిలేసి ఆ గుంపులో చేరినవాళ్లూ ఉన్నారు, వాళ్ల మూలంగా కాలేజీలన్నీ ప్రమాదమని ఎవరూ అనలేదు. గిన్నె పట్టుకున్నవాడి మీద మాత్రం మొత్తం మచ్చ పడింది.

ఇట్లాంటి మచ్చ మన దగ్గర చట్టంగానే ఉండేది. 1871 నేరస్థ తెగల చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల వాళ్లని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించి సెటిల్మెంటు పెట్టారు. పెద్దవాళ్లకి హాజరు పట్టీ, పిల్లలకి బడి. ఆ బడిలోనూ చదువు చెప్పారు, అబద్ధం ఆడం, చదువుకుని బాగుపడ్డవాళ్లున్నారు. కానీ ఆ బడి ఎందుకు పెట్టారంటే పిల్లవాడికి చదువు హక్కు కాబట్టి కాదు, వాడు పెద్దయితే దొంగవుతాడన్న భయం వల్ల. 1952లో చట్టం పోయింది. ఊరి పేరు చెబితే ఉద్యోగం ఇవ్వనివాళ్లు ఆ తర్వాత కూడా ఉన్నారు. భయంలోంచి పుట్టిన సిలబస్‌కి ఒక లక్షణం ఉంటుంది: పిల్లవాడు మారాడా లేదా అని అది చూస్తుంది, వాణ్ణి వీధిలోకి తోసిందేమిటని చూడదు.

2020లో కరోనా వచ్చింది. ఆ ఏప్రిల్లో ఉత్తరాది గవర్నర్లు అల్మాజిరి పద్ధతిని రద్దు చేస్తున్నామని, పిల్లల్ని సొంత రాష్ట్రాలకి పంపేస్తామని ప్రకటించారు. లారీల్లో ఎక్కించి పంపారు. కనో నుంచి కడునా పోయిన పిల్లల్లో చాలామందికి వ్యాధి బయటపడింది. బడులు మూసిన కాలంలో ఊరి నుంచి వెళ్లగొట్టబడిన విద్యార్థులు వాళ్లు. విద్యార్థులని వాళ్లని ఎవరూ రాయలేదు గానీ, వాళ్ల లెక్క ప్రకారం వాళ్లు చదువుకోవడానికే ఇల్లు విడిచారు. అదే నెలల్లో మన రోడ్ల మీద ఎవరు నడిచారో మనకి తెలుసు.

ఒసుల సంగతి ముగించలేదు. 1956లో తూర్పు ప్రాంత శాసనసభ ఒసు వ్యవస్థను చట్టంతో రద్దు చేసింది. మనిషిని ఒసు అని పిలవడం నేరమైంది. అచేబె 1960 నవలలో ఇంగ్లండులో చదివొచ్చిన నాయకుడు ఒసు పిల్లని పెళ్లి చేసుకోబోతే, క్రైస్తవ ఉపదేశి అయిన తండ్రే ఒద్దంటాడు. అరవై ఏళ్లు దాటినా పెళ్లి సంబంధాల దగ్గర ఆ మాట వినబడుతూనే ఉంది. 2001లో డర్బన్ సమావేశానికి మనవాళ్లు పోయినప్పుడు పుట్టుక మీద వివక్ష అనే మాట కింద దళితులతో పాటు ఆఫ్రికా జనాలూ వచ్చారు. 2002లో ఐక్యరాజ్య సమితి జాతి వివక్ష కమిటీ, పుట్టుక మీద వివక్షలో కులమూ దానివంటి వ్యవస్థలూ వస్తాయని తేల్చింది. భారత ప్రభుత్వం ఒప్పుకోలేదు, అది వేరే కథ. మేం ఇక్కడ దీన్ని ఎత్తడానికి కారణం సిలబసే. క్రైస్తవం అనే గడిలో సమానత్వం పాఠం ఉంటుంది, పౌర విద్య గడిలో హక్కుల పాఠం ఉంటుంది, భద్రత గడిలో నేరాల పాఠం ఉంటుంది. ఒసు అని పిలవడం చట్టప్రకారం నేరం. ఆ నేరాన్ని ఈ మూడు గళ్లలో ఏ గడిలో చెప్పాలో 2012లోనూ చర్చకు రాలేదు, 2017లోనూ రాలేదు.

2023 మేలో, పదవి దిగిపోయే ముందు అధ్యక్షుడు బుహారి అల్మాజిరి, బడి బయటి పిల్లల విద్యకి జాతీయ కమిషన్ పెట్టే చట్టం మీద సంతకం చేశాడు. లోగడ సంతకాలు కూడా ఇట్లాగే ఉన్నాయి కాబట్టి మేం తొందరపడం. ఆ కమిషన్ పుస్తకాలు రాయించే రోజున బల్ల దగ్గర బిషప్పులకీ, ఎమిర్ల ప్రతినిధులకీ, పోలీసు అధికారులకీ కుర్చీలు వేస్తారు, అది తెలుసు. గిన్నెతో పెరిగి ఇప్పుడు పాతికేళ్లొచ్చిన పాత అల్మాజిరికి ఒక కుర్చీ వేస్తారా అన్నదాన్నే మేం ఇకపై గమనిస్తూ ఉంటాం.